పాత జిప్సీ అడుగున 'టక్' శబ్దం: పానా పట్టే ముందు వెతకండి, దొరికాక బాగుచేయండి

క్లచ్ వదలగానే సీటు కింద ఎక్కడో 'టక్' మంటుంది. ఆక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే మళ్లీ ఇంకోసారి. అరవై దాటితే గేర్ రాడ్ సన్నగా వణుకుతుంది. పాత మారుతి జిప్సీ నడిపేవాళ్లలో కొందరు బండి పాతబడింది కదా, ఇంతేలే అని సరిపెట్టుకుంటారు. ఇంకొందరు గాభరాపడి షెడ్డుకు తీసుకెళ్తే "క్రౌన్ పోయింది సార్" (క్రౌన్ అంటే చక్రాల మధ్య డిఫరెన్షియల్ లోపల ఉండే పెద్ద పళ్ల చక్రం, దాన్ని తిప్పే చిన్నది పీనియన్) అన్న మాట విని వేలకు వేలు పెట్టి వస్తారు. ఒక ఆదివారం పొద్దున, ఒక సుద్దముక్క, ఒక టార్చి, సాయానికి ఒక మనిషి ఉంటే ఆ శబ్దం ఎక్కడిదో మీ ఇంటి ముందే తేల్చేయొచ్చు.

నా బండి 2004 మోడల్, 1.3 లీటర్ల ఎంపీఎఫ్ఐ పెట్రోల్ ఇంజన్‌ది. నర్సీపట్నం దాటి చింతపల్లి, లంబసింగి వైపు ఘాట్ ఎక్కి దిగడం దానికి నెలకోసారైనా ఉండే పని. ఆరేళ్ల కిందట ఇదే శబ్దం మొదలైతే ఒక షెడ్డులో చూపించా. కింద దూరి చూడకుండానే వెనక క్రౌన్ పీనియన్ మార్చాలన్నారు, నేను సరేనన్నా. కొత్త సెట్టు పడింది, శబ్దం మాత్రం అలాగే ఉంది, పైగా అప్పటిదాకా లేని ఊళ ఒకటి కొత్తగా మొదలైంది. తర్వాత వేరే ఊళ్లో ఒక పెద్దాయన, చాలా ఏళ్లుగా జీపుల పని చేస్తున్నాయన, కింద పడుకుని గేర్‌బాక్స్‌కీ ట్రాన్స్‌ఫర్ కేసుకీ (బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే గేర్ల పెట్టె) మధ్య ఉండే పొట్టి షాఫ్ట్‌ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూపించారు. ఊడబోయే పన్ను కదిలినట్టు కదిలింది. షాఫ్ట్ చివర కీలులా పనిచేసే కూడిక గుర్తు ఆకారపు ముక్క, అంటే క్రాస్, దాని కప్పు చుట్టూ ఇటుక పొడి చల్లినట్టు ఎర్రటి తుప్పు. ఆ క్రాస్ ఖరీదు వందల్లో ఉంటుంది. దానికోసం నేను బాగున్న క్రౌన్ పీనియన్ పారేసుకున్నా. ఆ బాధ ఇంకా పోలేదు, ఇదంతా రాయడానికి కారణం కూడా అదే.

1985 చివర్లో వచ్చిన 970 సీసీ జిప్సీ నుంచి 1.3 బళ్ల దాకా అడుగున ఏర్పాటు చాలావరకు ఒకటే, కాబట్టి మీది ఏ సంవత్సరం బండి అయినా ఇందులో ఎక్కువ భాగం పనికొస్తుంది. పాత మహీంద్రా జీపులకు కూడా పనికొస్తుంది, కాకపోతే వాటిలో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్స్ వెనకే అతుక్కుని ఉంటుంది, మధ్యలో పొట్టి షాఫ్ట్ ఉండదు.

బండి కింద ఏముందో ముందు చూసుకోండి

ఇంజన్ బలం క్లచ్, గేర్‌బాక్స్ దాటి పొట్టి షాఫ్ట్ ద్వారా ట్రాన్స్‌ఫర్ కేసుకు వస్తుంది. ఆ కేసు ఛాసిస్‌కి మూడు రబ్బరు మౌంటింగుల మీద వేలాడుతూ ఉంటుంది. అక్కడి నుంచి ఒక షాఫ్ట్ వెనక్కి, ఒకటి ముందుకి. ఒక్కో షాఫ్ట్‌కి రెండు చొప్పున మొత్తం ఆరు క్రాసులు. ఆ తర్వాత బలాన్ని కుడి ఎడమ చక్రాలకి పంచే రెండు డిఫరెన్షియళ్లు, యాక్సిల్ షాఫ్టులు, చక్రాలు. ముందు చక్రాల దగ్గర అదనంగా స్టీరింగ్‌తో పాటు తిరిగే గుండ్రటి నకిల్, దాని లోపల తిరిగే బాల్ జాయింటు, నకిల్ తిరగడానికి పైనా కిందా కింగ్‌పిన్ బేరింగులు, చక్రం మధ్య హబ్ మీద చేత్తో తిప్పే ఫ్రీ వీల్ లాకు.

'టక్' అనే దెబ్బ వీటన్నిటిలో ఉన్న ప్లే, అంటే వదులు, కలిసి వచ్చేది. పది చోట్ల చిటికెడు చిటికెడు అరిగితే క్లచ్ దగ్గరికి వచ్చేసరికి పిడికెడు అవుతుంది. అందుకే ఒక్క పార్టు మార్చి శబ్దం పూర్తిగా పోవాలనుకోవద్దు, అన్నిటికంటే ఎక్కువ ప్లే ఎక్కడుందో దాన్ని ముందు పట్టుకోవాలి.

రోడ్డు మీద వినండి

అద్దాలు దించి, ఫ్యాన్, పాటలు అన్నీ ఆపేసి, ట్రాఫిక్ లేని రోడ్డు మీదికి తీసుకెళ్లండి. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని, ఏ వేగంలో ఏ శబ్దమో ఆయనతో రాయించండి. మీరు నడుపుతూ గుర్తుపెట్టుకోవడం కుదరదు.

నలభైలో మూడో గేరులో వెళ్తూ ఆక్సిలరేటర్ నొక్కండి, వదలండి, మళ్లీ నొక్కండి. నొక్కినప్పుడూ వదిలినప్పుడూ ఒక్కో దెబ్బ వస్తే అది ప్లే: క్రాస్, షాఫ్ట్ స్ప్లైన్ (షాఫ్ట్ రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి జారే గాళ్ల చోటు), కేసు మౌంటింగులు, లేదా డిఫరెన్షియల్ లోపలి గేర్లు. నొక్కినప్పుడు మాత్రమే ఊళ వచ్చి వదలగానే పోతే, లేదా వదిలినప్పుడు మాత్రమే వస్తే, అప్పుడు క్రౌన్ పీనియన్ మీద అనుమానపడాలి. నొక్కినా వదిలినా తేడా లేకుండా వేగంతో పాటు గరగర పెరుగుతుంటే చక్రం బేరింగు కావొచ్చు. దాన్ని తేల్చడానికి ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్‌ని మెల్లగా కుడికీ ఎడమకీ ఊపండి. కుడికి తిప్పినప్పుడు శబ్దం పెరిగితే ఎడమ బేరింగు, ఎందుకంటే బరువు అటు పడుతుంది. టైరు శబ్దాన్ని బేరింగు అనుకునే పొరపాటు కూడా మామూలే. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు మీదికి రాగానే శబ్దం మారిపోయిందంటే అది టైరుదే.

మెల్లగా వెళ్తున్నప్పుడు పిచ్చుక అరిచినట్టు కిచకిచమని, వేగం పెరిగేకొద్దీ కిచకిచ దగ్గరదగ్గరగా వస్తుంటే గ్రీజు ఎండిపోయిన క్రాస్ అది. దీన్ని నిర్లక్ష్యం చేయొద్దు, ఎండిన క్రాస్ విరిగితే షాఫ్ట్ రోడ్డు మీద పడుతుంది, ఘాట్‌లో అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇప్పుడు అరవైలో క్లచ్ నొక్కి న్యూట్రల్ చేసి వదిలేయండి. శబ్దం అలాగే ఉంటే ఇంజన్, క్లచ్ వైపు కాదు, కారణం వెనక ఉంది.

జిప్సీలో ఉన్న గొప్ప సౌకర్యం ఫ్రీ వీల్ హబ్బులు, వెతుకులాటకి వీటిని వాడుకోండి. హబ్బులు ఫ్రీలో ఉండి 2హెచ్‌లో (వెనక రెండు చక్రాలకే బలం) నడిపితే ముందు షాఫ్టులు, ముందు డిఫరెన్షియల్ తిరగవు. అదే 2హెచ్‌లో ఉంచి రెండు హబ్బులూ లాక్ చేసి నడిపితే ముందుదంతా చక్రాలతో పాటు తిరుగుతుంది. లాక్ చేశాకే శబ్దం మొదలైతే అది ముందు వైపుదని ఒక్క విప్పడం కూడా లేకుండా తెలిసిపోయినట్టే. లాక్‌లో ఉండగా బాగా తిప్పిన మలుపులో టకటకమంటే నకిల్ లోపలి బాల్ జాయింటు. అయితే ఎండిన తారు రోడ్డు మీద 4హెచ్ (నాలుగు చక్రాలకీ బలం) వేసి మలుపు తిప్పితే బండి బిగుసుకున్నట్టవుతుంది, ఇది జబ్బు కాదు, ఈ రకం బండ్లలో ముందుకీ వెనక్కీ మధ్య డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి అంతే. 4హెచ్ పరీక్షలన్నీ మట్టిరోడ్డు మీదే చేయండి.

ఇంకో పరీక్ష బండి కదలకుండా చేసేది. చక్రాలకి ముందూ వెనకా గట్టి చెక్కలు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ట్రాన్స్‌ఫర్ లివర్‌ని న్యూట్రల్‌లో పెట్టండి. ఇంజన్ స్టార్ట్ చేసి మూడో గేరు వేసి క్లచ్ వదిలితే గేర్‌బాక్స్, పొట్టి షాఫ్ట్, ట్రాన్స్‌ఫర్ కేసు లోపలి గేర్లు తిరుగుతాయి, చక్రాలు తిరగవు. నా బండిలో వణుకు ఇక్కడే తెలిసిపోయి ఉండేది, ఆ రోజు ఎవరైనా ఇది చేసి ఉంటే. ఒక్క మాట: ఇంజన్ నడుస్తుండగా బండి కిందకి దూరొద్దు, తల కూడా పెట్టొద్దు. లోపల కూర్చుని, గేర్ రాడ్ మీద చేయి పెట్టి వినండి చాలు.

కింద దూరి చేత్తో చూడండి

ఇంజన్ ఆపండి, తాళం చెవి జేబులో వేసుకోండి. చదును నేల మీద, నాలుగు చక్రాలూ నేలకి ఆని ఉండగా చక్రాలకి చెక్కలు పెట్టండి. జిప్సీ ఎత్తు బండి, జాకీ లేకుండానే కిందకి పడుకుని దూరొచ్చు. లుంగీ, మెడలో తువ్వాలు వద్దు. చక్రం ఎత్తాల్సిన పనికి మాత్రం జాకీ స్టాండే వాడండి, ఇటుకలు, సిమెంటు దిమ్మలు పెట్టి కింద పడుకోవద్దు, అవి ఉన్నట్టుండి పగులుతాయి.

మొదట వెనక షాఫ్ట్. ఒక చేత్తో డిఫరెన్షియల్ వైపు ఫ్లాంజిని (షాఫ్ట్ బోల్టులతో బిగించే పళ్లెం లాంటి భాగం) గట్టిగా పట్టుకోండి, ఇంకో చేత్తో షాఫ్ట్‌ని తిప్పండి. రెండు చేతుల మధ్య ఏ కొంచెం తేడా తెలిసినా ఆ క్రాస్ అయిపోయినట్టే. బాగున్న క్రాస్‌లో చేతికి తెలిసే ప్లే ఉండదు. టార్చి వేసి నాలుగు కప్పుల అంచులూ చూడండి, ఎర్రటి పొడి కనిపిస్తే లోపల సూది బేరింగులు గ్రీజు లేకుండా ఎండి తుప్పు పట్టి నలిగిపోతున్నాయని. ఇలాగే ఆరూ చూడాలి, పొట్టి షాఫ్ట్ దగ్గర చేయి దూరడం కష్టం కాబట్టే అందరూ దాన్ని వదిలేస్తారు, మీరు వదలొద్దు. తర్వాత షాఫ్ట్ మధ్యలో జారే స్ప్లైన్ దగ్గర పైకీ కిందకీ ఊపండి. ముందుకీ వెనక్కీ జారాలి, పైకీ కిందకీ ఊగకూడదు.

అదయ్యాక డిఫరెన్షియల్ పీనియన్ ఫ్లాంజి. ఫ్లాంజి మీదా పక్కన హౌసింగ్ మీదా ఒకే వరుసలో సుద్దతో గీత గీయండి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి ఫ్లాంజిని ఒక కొస నుంచి ఇంకో కొసకి తిప్పితే గీత ఎంత కదిలిందో కనిపిస్తుంది. కొంచెం తిరగడం మామూలే, క్రౌన్ పీనియన్ పళ్ల మధ్య మిల్లీమీటర్‌లో పదో వంతు స్థాయిలో సందు ఉండాలి కూడా, దానికి లోపలి సైడ్ గేర్ల సందు కలుస్తుంది. కానీ ఫ్లాంజిని పట్టుకుని పైకీ కిందకీ, లోపలికీ బయటికీ ఊపితే ఏమాత్రం కదలకూడదు. కదిలిందా, పీనియన్ బేరింగు పోయింది, దాన్ని అలా వదిలేస్తే బాగున్న క్రౌన్‌ని కూడా తినేస్తుంది. ముందుదానికి హబ్బులు లాక్ చేసి చూసి, ముందుదీ వెనకదీ గీతల కొలత పక్కపక్కన రాసుకోండి. ముందు డిఫరెన్షియల్ తక్కువ తిరిగి ఉంటుంది కాబట్టి దానితో పోల్చి వెనకది ఎంత అరిగిందో అంచనా వేయొచ్చు.

ట్రాన్స్‌ఫర్ కేసు మౌంటింగులకు ఒక పొడవాటి టైర్ లివర్ కావాలి. కేసుకీ బ్రాకెట్‌కీ మధ్య పెట్టి మెల్లగా ఎత్తండి. రబ్బరు కొంచెం సాగాలి, అంతేగాని కేసు ఎగిరిపడకూడదు. రబ్బరు ఇనుము నుంచి విడిపోయి ఉంటే, లేదా ఆయిల్ తాగి ముట్టుకుంటే జిగటగా, మెత్తగా ఉంటే మూడూ మార్చాల్సిందే. ఈ మూడు రబ్బర్ల విషయం గట్టిగా చెప్తున్నా, ఎందుకంటే కేసు పక్కకి ఒరిగితే షాఫ్టుల కోణాలన్నీ మారతాయి, మంచి క్రాసులు కూడా తొందరగా పోతాయి, ట్రాన్స్‌ఫర్ లివర్ గేరులోంచి ఎగిరి బయటికి రావడం కూడా మొదలవుతుంది. లివర్ ఎగురుతోందని కేసు విప్పించుకునే ముందు రబ్బర్లు చూడండి.

ఇక ముందు చక్రాలు. ఒక చక్రాన్ని జాకీతో ఎత్తి స్టాండు పెట్టి, టైరుని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే, సాయానికి వచ్చినవాళ్లని బ్రేకు నొక్కి పట్టమనండి. బ్రేకు నొక్కగానే ఊగడం ఆగిపోతే చక్రం బేరింగు, ఆగకుండా అలాగే ఊగితే కింగ్‌పిన్. పక్కలకి పట్టుకుని ఊపినప్పుడు ప్లే ఉంటే టై రాడ్ ఎండ్లు కూడా చూడాలి. గుంతలో పడ్డాక స్టీరింగ్ అటూ ఇటూ గింగిరాలు కొట్టే బండ్లలో కింగ్‌పిన్ బేరింగులే చాలాసార్లు కారణం. అలాగే నకిల్ గుండు మీద ఉన్న తడిని వేలితో తీసి చూడండి. చిక్కటి గ్రీజు అయితే బయటి సీలు మాత్రమే పోయింది, పల్చగా గేర్ ఆయిల్ వాసన వస్తుంటే లోపలి యాక్సిల్ సీలు పోయి డిఫరెన్షియల్ ఆయిల్ నకిల్‌లోకి వస్తోందని అర్థం.

ఆయిల్ చెప్పే సంగతులు

డ్రెయిన్ చేసే ముందు పైన ఉండే ఫిల్లింగ్ ప్లగ్గు విప్పండి. ఇది చాలా ముఖ్యం. ఆయిల్ అంతా కిందకి వదిలేశాక పై ప్లగ్గు తుప్పు పట్టి రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది.

శుభ్రమైన తెల్లటి డబ్బాలోకి వదలండి. కొంచెం ఆయిల్ వేళ్ల మధ్య రాసి ఎండలో చూడండి. నల్లటి మెత్తటి బురదలాంటిది మామూలు అరుగుదల. చమ్కీల్లా మెరిసే పలుకులు ఉంటే బేరింగు గానీ పళ్లు గానీ పొరలుగా రాలుతున్నాయి. గోరంత ముక్క దొరికితే బండి ఇంక నడపొద్దు. పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి, ఏజెన్సీలో వాగులు దాటే బండ్లలో ఇది తరచూ చూస్తాం. వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని, బ్రీదర్ (హౌసింగ్‌కి గాలి ఆడే చిన్న మూత) మూసుకుపోయి ఉంటే సీళ్ల సందుల్లోంచి నీళ్లు లాక్కుంటుంది. అందుకే ఏ ఆయిల్ సీలు మార్చాలన్నా ముందు యాక్సిల్ మీది బ్రీదర్ విప్పి డీజిల్‌లో కడిగి ఊది చూడండి. బ్రీదర్ మూసుకుపోయి ఉండగా కొత్త సీలు వేస్తే అది కూడా నాలుగు రోజుల్లో కారుతుంది.

తిరిగి పోసేటప్పుడు గేర్‌బాక్స్‌కి జీఎల్-4 రకం, డిఫరెన్షియళ్లకి జీఎల్-5 రకం. గేర్‌బాక్స్‌లో ఇత్తడి సింక్రో రింగులు ఉంటాయి, కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని మందు వాటికి పడదు. డిఫరెన్షియల్‌కి మాత్రం ఆ మందు కావాలి. బండి చదునుగా ఉండగా పై రంధ్రం అంచు దాకా వచ్చి బొట్లు కారేవరకు పోయండి. ట్రాన్స్‌ఫర్ కేసుది విడి ఆయిల్, దాన్ని మర్చిపోయేవాళ్లు చాలామంది.

క్రాస్ మార్చడం

ఇంట్లో ధైర్యంగా చేయగల పని ఇదే, అందుకే వివరంగా చెప్తా.

విప్పే ముందు రోజు రాత్రే బోల్టుల మీద, సర్‌క్లిప్‌ల (కప్పులు ఊడకుండా పట్టే స్ప్రింగు రింగులు) మీద తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయండి. పొద్దున షాఫ్ట్ ఫ్లాంజికీ దాని జత ఫ్లాంజికీ కలిపి ఒక పెయింటు గీత, జారే స్ప్లైన్ రెండు ముక్కల మీద ఇంకో గీత పెట్టండి. సుద్ద గీత నూనెకి చెరిగిపోతుంది, పెయింటే వాడండి. స్ప్లైన్ ఒక్క పన్ను తేడాగా ఎక్కినా రెండు చివర్ల ఫోర్కులు (క్రాస్‌ని పట్టే రెండు చెవుల భాగాలు) ఒకే వరుసలో ఉండవు, అప్పుడు కొత్త క్రాసులు వేసినా బండి వణుకుతుంది. షాఫ్ట్ విప్పితే గేరులో పెట్టిన బండి కూడా దొర్లిపోవచ్చు, చక్రాల కింద చెక్కలు ఉన్నాయో లేదో మళ్లీ చూసుకోండి. పొట్టి షాఫ్ట్ గేర్‌బాక్స్ వైపు కొస లోపలికి దూరి ఉండే రకమైతే లాగగానే ఆయిల్ కారుతుంది, కింద డబ్బా పెట్టండి.

సర్‌క్లిప్‌లు నాలుగూ తీశాక షాఫ్ట్‌ని బెంచ్ వైస్ దగ్గరికి తీసుకెళ్లండి. కప్పు కంటే చిన్న బాక్సు పానా ఒక వైపు, కప్పు తన లోపలికి దూరేంత పెద్ద బాక్సు పానా రెండో వైపు పెట్టి వైస్ బిగిస్తే, చిన్నది తోస్తుంది, ఎదుటి కప్పు పెద్ద దాంట్లోకి వస్తుంది. సుత్తితో ఫోర్కు చెవుల మీద కొట్టి తీసేవాళ్లని చూశా, చెవి వెంట్రుకవాసి వంగినా కొత్త కప్పు బిగుసుకుపోతుంది. తీసిన పాత క్రాస్ కాడని తుడిచి గోరుతో అడ్డంగా గీసి చూడండి. సూదులు కూర్చున్న చోట దువ్వెన పళ్లలాంటి గాట్లు గోరుకి తగులుతాయి. మీరు విన్న 'టక్' అదే.

ఫోర్కు రంధ్రాలను సన్నటి ఎమరీ పేపరుతో శుభ్రం చేసి, సర్‌క్లిప్ గాడిలోని మట్టి చిన్న స్క్రూడ్రైవర్‌తో గీకి తీసేయండి. కొత్త కప్పుల్లో సూదులన్నీ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాయో లేదో చూసి, గ్రీజుతో అతికించినట్టు ఉంచండి. ఒక కప్పుని సగం దాకా వైస్‌తో నొక్కి, క్రాస్ కాడని దాంట్లోకి దూర్చి, అప్పుడు ఎదుటి కప్పు పెట్టి రెండింటినీ కలిపి నొక్కండి. నొక్కుతున్నంతసేపూ క్రాస్‌ని చేత్తో అటూ ఇటూ కదుపుతూ ఉండాలి, బిగుసుకున్నట్టు అనిపించిన క్షణం ఆపేయాలి. కప్పు చివరి దాకా వెళ్లకుండా సర్‌క్లిప్ గాడి సగమే కనిపిస్తోందంటే లోపల ఒక సూది పడిపోయి అడ్డంగా పడుకుంది, బలవంతంగా నొక్కకుండా కప్పు తీసి సరిచేసుకోండి. మొదటిసారి చేసే ప్రతివాళ్లకీ ఇది ఎదురవుతుంది. క్లిప్పులు నాలుగూ గాడిలో 'టిక్'మని కూర్చున్నాక చెవుల మీద ప్లాస్టిక్ సుత్తితో చిన్నగా తట్టండి, కప్పులు వెనక్కి జరిగి క్లిప్పులకి ఆనుతాయి. అప్పుడు క్రాస్ చేతికి సులువుగా తిరగాలి, వదులుగా వేలాడకూడదు.

క్రాస్ మీది గ్రీజు నిప్పిల్‌లోంచి గ్రీజు కొడితే నాలుగు కప్పుల అంచుల్లోనూ కొత్త గ్రీజు కనిపించాలి. మూడింట్లోనే వస్తే నాలుగోదాన్ని అలా వదిలేయొద్దు, రెండో వైపుకి నొక్కిపట్టి మళ్లీ కొట్టండి. షాఫ్ట్ ఎక్కించాక పెయింటు గీతలు కలిశాయో లేదో చూసి, బోల్టులు ఎదురెదురుగా బిగించండి.

స్ప్లైన్ ఊగుతుంటే మాత్రం క్రాసులు మార్చి లాభం లేదు, షాఫ్ట్ మార్చాలి. స్ప్లైన్ మీద వెల్డింగ్ పెట్టి పూడ్చే పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు. షాఫ్ట్ గొట్టం సొట్టపడి ఉంటే, దాని మీద అతికించిన చిన్న బ్యాలెన్స్ ముక్క ఊడిపోయి ఉంటే బ్యాలెన్సింగ్ చేసే లేత్ షాపుకి ఇవ్వండి.

మిగతా పార్టులు

మౌంటింగ్ రబ్బర్లు మార్చడం తేలికే. కేసు కింద చెక్క పలక పెట్టి జాకీతో బరువు మోసేంతవరకే ఎత్తి, ఒక్కొక్కటి విప్పి కొత్తది వేయండి, కానీ మూడూ కూర్చునేదాకా ఏ నట్టూ పూర్తిగా బిగించొద్దు, లేకపోతే రబ్బరు మెలిపడి కూర్చుంటుంది.

ముందు చక్రం బేరింగు నట్టుకి సరిపోయే పెద్ద బాక్సు కొనుక్కోండి లేదా అడిగి తెచ్చుకోండి, ఉలి పెట్టి కొట్టి తిప్పితే నట్టూ పోతుంది, స్పిండిల్ మర కూడా పోతుంది. బేరింగుల్ని డీజిల్‌లో కడిగి ఆరబెట్టి, గ్రీజుని అరచేతిలో పెట్టుకుని రోలర్ల మధ్యలోకి తోయండి. పైపైన పూస్తే లోపలికి వెళ్లదు. హబ్ తిప్పుతూ నట్టు బిగించి, వెనక్కి వదిలి, మళ్లీ ప్లే పోయేంతవరకే బిగించి లాక్ వాషర్ మడవండి.

కింగ్‌పిన్ విప్పేటప్పుడు పైన ఏ షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు) ఉన్నాయో, కింద ఏవి ఉన్నాయో కలిపేయకుండా విడివిడిగా కాగితంలో చుట్టి రాసి పెట్టండి. కొత్త బేరింగులు వేశాక, గుండు సీలు ఇంకా ఎక్కించకుండా, నకిల్ ఆర్మ్ చివరి రంధ్రానికి కొక్కెం ఉన్న స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగితే ఎంత బరువు దగ్గర కదలడం మొదలైందో చూడాలి. మాన్యువల్ ప్రకారం సుమారు 1 నుంచి 1.8 కిలోల మధ్య ఉండాలి. తక్కువుంటే షిమ్ము తీయాలి, ఎక్కువుంటే వేయాలి. అలాగే ఆ పని పెట్టుకున్నప్పుడే బాల్ జాయింటు బయటికి తీసి కడిగి, బాల్స్ కూర్చునే కిటికీల మూలల్లో పగుళ్లు ఉన్నాయేమో చూడండి. లోపలి యాక్సిల్ సీలు, గుండు సీలు రెండూ కొత్తవే వేయండి, విప్పడమే సగం పని కాబట్టి పాతవి మళ్లీ వేయడం దండగ.

వెనక బ్రేకు డ్రమ్ములోకి గేర్ ఆయిల్ వస్తుంటే యాక్సిల్ సీలు పోయింది, దాంతో పాటు బేరింగు కూడా చూడాలి. వెనక బేరింగు షాఫ్ట్ మీద ప్రెస్సుతో ఎక్కించి రింగుతో ఆపి ఉంటుంది. ఆ రింగే చక్రాన్ని బండికి పట్టి ఉంచుతుంది, కాబట్టి ప్రతిసారీ కొత్త రింగు, హైడ్రాలిక్ ప్రెస్సు ఉన్న షాపులోనే. ఆయిల్ తాగిన బ్రేకు షూలు కడిగి వాడొద్దు, మార్చేయండి.

ఇక క్రౌన్ పీనియన్. పైన చెప్పినవన్నీ చూశాక కూడా ఊళ ఉండి, ఆయిల్‌లో పలుకులు కనిపిస్తేనే ఇది. డయల్ గేజీ, పళ్ల మీద పూసి అచ్చు చూసే రంగు లేకుండా ఈ పని చేస్తామనే చోట బండి దించొద్దు. అచ్చు పన్ను మధ్యలో పడిందా, అంచుకి పోయిందా అని మీ కళ్లతో చూపించమని అడగండి. క్రౌన్, పీనియన్ జతగా రుద్ది తయారుచేస్తారు, ఒకటి కొత్తది ఒకటి పాతది వేయకూడదు. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతికితే పాత బండి నుంచి తీసిన డిఫరెన్షియల్ మొత్తంగా దొరకొచ్చు, అది మంచి దారే, కానీ కొనే ముందు పళ్లు లెక్కపెట్టండి. క్రౌన్‌కి 37, పీనియన్‌కి 9 ఉంటే 4.11, 41కి 11 ఉంటే 3.73. ముందుదీ వెనకదీ ఒకే లెక్క రాకపోతే 4హెచ్ వేసిన రోజు ట్రాన్స్‌ఫర్ కేసు ముక్కలవుతుంది. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే స్థాయిలో అరిగినవి ఉండాలనేది కూడా ఇందుకే.

పని అయ్యాక

ఇరవై కిలోమీటర్లు నడిపి ఆపి, నాలుగు హబ్బులనీ రెండు హౌసింగులనీ చేత్తో మెల్లగా తాకి చూడండి. ఒక హబ్బు మిగతావాటి కంటే బాగా వేడిగా ఉంటే బేరింగు ఎక్కువ బిగిసింది, లేదా బ్రేకు పట్టేసింది. వంద కిలోమీటర్లకి షాఫ్ట్ బోల్టులన్నీ ఒకసారి బిగించండి. క్రాసులకి వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి, వాగులో దిగిన ప్రతిసారీ గ్రీజు కొట్టండి.

మొదట నడిపిన అదే రోడ్డు మీద, అదే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజు రాసిన కాగితం చేతిలో పెట్టుకుని మళ్లీ వినండి. క్రాసులు, రబ్బర్లు అన్నీ బాగుండి, ఊళ ఏమీ లేకుండా, క్లచ్ వదిలినప్పుడు చిన్న 'టక్' మాత్రమే ఇంకా మిగిలి ఉంటే, వెనక డిఫరెన్షియల్ లోపల సైడ్ గేర్ల వెనక ఉండే పల్చటి వాషర్లు అరిగి ఉంటాయి. అప్పుడు కూడా "క్రౌన్ మార్చండి" అనొద్దు, వాషర్లు చూడమనండి.